కంటికి ఒత్తుగా, లెక్కకు పల్చగా

2019లో స్పెయిన్‌లో కొందరు తల్లిదండ్రులు పసిపిల్లల్ని ఎత్తుకుని కంగారుగా ఆసుపత్రులకు పరిగెత్తారు. పిల్లల నుదుటి మీద, బుగ్గల మీద, చేతుల మీద, వీపు మీద నల్లటి వెంట్రుకలు మొలుస్తున్నాయి. గ్రనడా, కంటాబ్రియా, వాలెన్సియా ప్రాంతాల్లో కలిపి కనీసం 17 మంది పిల్లలకు ఇలా జరిగింది. వాళ్లందరిలో ఉమ్మడిగా కనిపించింది ఒక్కటే. తాగిన పాలు పుల్లగా గొంతులోకి ఎగదన్నుతుంటే, ఆ ఇబ్బంది తగ్గడానికి ఒమెప్రజోల్ సిరప్ తాగుతున్నారు. స్థానిక మందుల షాపుల్లో ఆ సిరప్‌ను ముడి మందు పొడితో అక్కడికక్కడే కలిపి ఇచ్చారు. అధికారులు ఆరా తీస్తే అసలు సంగతి బయటపడింది. ఒమెప్రజోల్ అని చీటీ అంటించిన డబ్బాల్లో ఉన్నది మినాక్సిడిల్, అంటే బట్టతలకు పూసుకునే మందు. సిరప్ ఆపించాక నెలల్లో ఆ వెంట్రుకలు ఊడిపోయాయి.

జరగకూడని తప్పు అది. అయితే జుట్టు మందుల గురించి ఇంత తేటతెల్లంగా చెప్పే ఉదాహరణ మరొకటి దొరకదు. ఆ పిల్లలకు తాము ఏ మందు తాగుతున్నామో తెలియదు, జుట్టు మొలవాలన్న ఆశ లేదు, అద్దం ముందు నిలబడి చూసుకునే వయసూ కాదు. వాళ్ల తల్లిదండ్రులు ఎదురుచూసింది ఇంకేదో. అయినా వెంట్రుక మొలిచింది. నమ్మకంతో నిమిత్తం లేకుండా పనిచేసే రసాయనం ఎలా ఉంటుందో ఇక్కడ కళ్లకు కట్టింది. మందుల షాపు అరలో, కిరాణా కొట్టులో, ఫోన్ తెరమీద జుట్టు పేరు చెప్పి అమ్ముతున్న ప్రతి సీసానూ అడగాల్సిన ప్రశ్న కూడా ఇదే: నమ్మకాన్ని పక్కన పెడితే ఇందులో ఏం మిగులుతుంది?

మినాక్సిడిల్ పుట్టింది జుట్టు కోసం కాదు. అమెరికాలోని అప్‌జాన్ కంపెనీ దాన్ని రక్తపోటు తగ్గించే మాత్రగా తయారుచేసింది. 1970ల మొదట్లో కొలరాడో విశ్వవిద్యాలయంలో ఆ మాత్రను బీపీ రోగుల మీద పరీక్షిస్తుంటే, కొందరికి ముఖం మీదా చేతుల మీదా వెంట్రుకలు పెరగడం వైద్యుల కంటపడింది. అక్కడి చర్మవైద్యుడు గుంటర్ కాన్, ఆయన దగ్గర శిక్షణలో ఉన్న పాల్ గ్రాంట్ దీన్ని దుష్ఫలితమని కొట్టిపారేయలేదు. మందును ద్రావణంగా మార్చి చర్మం మీద పూసి చూశారు. పూసిన చోట వెంట్రుక వచ్చింది. ఆ తర్వాత ఈ ఆలోచన ఎవరిదన్న వివాదం ఏళ్ల తరబడి నడిచి, చివరికి 1986లో కాన్ పేరు పేటెంటులోకి ఎక్కింది. బీపీ మాత్రగా 1979లో, తలకు పూసుకునే 2 శాతం ద్రావణంగా 1988లో అమెరికా ఆహార, ఔషధ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది. బట్టతలకు ఆ సంస్థ ఆమోదించిన తొలి మందు ఇదే. 1996 నుంచి అక్కడ డాక్టరు చీటీ లేకుండానే అమ్ముతున్నారు. మన ఊళ్లలోనూ మందుల షాపుకు వెళ్లి పేరు చెబితే చాలు, చాలాచోట్ల చీటీ అడగకుండానే చేతిలో పెడతారు.

కాబట్టి ‘చీటీ లేకుండా దొరికేది ఉత్తది, డాక్టరు రాసిచ్చేది గట్టిది’ అని గీత గీస్తే పొరపాటు. చీటీ లేకుండా దొరికేవాటిలోనే గట్టి పరీక్షలు నెగ్గిన మందు ఒకటి ఉంది. దాని పక్క అరలోనే ఏ పరీక్షకూ నిలబడని సీసాలు డజన్ల కొద్దీ ఉన్నాయి. వాటిని వేరు చేసేది డాక్టరు చీటీ కాదు, ఆ మందుకు జరిగిన పరీక్ష.

పరీక్ష అంటే ఏమిటో కాస్త దగ్గరగా చూడాలి. బట్టతల మందుల పరిశోధనల్లో నడినెత్తి మీద పల్చబడుతున్న చోట అంగుళం వెడల్పున ఒక వలయం గుర్తిస్తారు. మళ్లీ వచ్చినప్పుడు వెంట్రుకవాసి కూడా పక్కకు జరగకుండా అదే చోటు దొరకాలి కనుక వలయం మధ్యలో చిన్న పచ్చబొట్టు చుక్క పొడుస్తారు. లోపలి జుట్టును చర్మానికి దగ్గరగా కత్తిరించి, పెద్దది చేసి ఫొటో తీస్తారు. ఎవరు అసలు మందు వాడారో, ఎవరు ఉత్తుత్తి మందు వాడారో తెలియని మనిషి ఆ ఫొటోలో ఒక్కొక్క వెంట్రుకనూ లెక్కపెడతాడు. ఆరు నెలలకో ఏడాదికో అదే చుక్క దగ్గర మళ్లీ అదే తంతు. ఎంతో ఓపిక కావాల్సిన పని. కానీ ఇంత కష్టపడి లెక్కపెట్టకపోతే ఏమవుతుందో ఫినస్టరైడ్ మాత్ర కథ చెబుతుంది.

ఆ కథ మొదలు అమెరికాలో, మలుపు డొమినికన్ రిపబ్లిక్‌లో. 1942లో జేమ్స్ హామిల్టన్ అనే శరీర నిర్మాణ శాస్త్రవేత్త, యుక్తవయసుకు ముందే వృషణాలు కోల్పోయినవాళ్లకు బట్టతల రాదని నమోదు చేశాడు. వాళ్లకు పురుష హార్మోను టెస్టోస్టిరాన్ ఇస్తే, కుటుంబంలో బట్టతల ఉన్నవాళ్లకు జుట్టు ఊడటం మొదలైంది. హార్మోను ఆపితే ఊడటం ఆగింది కానీ పోయిన జుట్టు తిరిగి రాలేదు. అంటే బట్టతల రావాలంటే వంశమూ కావాలి, హార్మోనూ కావాలి. ఎండ, టోపీ, హెల్మెట్, ఉప్పునీళ్ల మీద వేసే నిందల్లో చాలావరకు ఈ ఒక్క పరిశోధనతోనే తేలిపోతాయి.

మూడు దశాబ్దాల తర్వాత కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన జూలియన్ ఇంపెరాటో-మెక్‌గిన్లీ డొమినికన్ రిపబ్లిక్‌లోని సలీనాస్ అనే పల్లెకు వెళ్లారు. అక్కడ కొందరు పిల్లలు పుట్టినప్పుడు ఆడపిల్లల్లా కనిపించి, యుక్తవయసు రాగానే మగవాళ్లుగా మారుతున్నారు. వాళ్లలో టెస్టోస్టిరాన్ మామూలుగానే ఉంది. దాన్ని డైహైడ్రోటెస్టోస్టిరాన్ అనే మరింత ఘాటైన రూపంలోకి మార్చే ఎంజైము మాత్రం పుట్టుకతోనే లోపించింది. 1974లో ‘సైన్స్’ పత్రికలో ఆమె ఈ సంగతి ప్రచురించారు. పెద్దయ్యాక ఆ మనుషులకు ప్రోస్టేట్ గ్రంథి చిన్నదిగానే ఉండిపోయింది, గడ్డం పల్చగా వచ్చింది, నుదుటి దగ్గర జుట్టు వెనక్కి జరగలేదు. ఆ ఎంజైమును మందుతో అడ్డుకుంటే ఏమవుతుందన్న ఆలోచన మెర్క్ కంపెనీలో ఫినస్టరైడ్‌గా రూపుకట్టింది. 5 మిల్లీగ్రాముల మాత్ర 1992లో ప్రోస్టేట్ వాపుకు, 1 మిల్లీగ్రాము మాత్ర 1997 డిసెంబరులో మగవారి బట్టతలకు అనుమతి పొందాయి.

బట్టతల మీద జరిగిన పెద్ద పరీక్షలో 18 నుంచి 41 ఏళ్ల మధ్య వయసున్న 1,553 మంది మగవాళ్లు పాల్గొన్నారు. మొదట్లో అంగుళం వలయంలో సగటున 876 వెంట్రుకలున్నాయి. రెండేళ్లు తిరిగేసరికి ఫినస్టరైడ్ వాడినవాళ్లకూ ఉత్తుత్తి మాత్ర వాడినవాళ్లకూ మధ్య తేడా 138 వెంట్రుకలు. మందు వాడినవాళ్లలో 83 శాతం మందికి వెంట్రుకల లెక్క తగ్గకుండా నిలిచింది. ఉత్తుత్తి మాత్ర మింగినవాళ్లలో అలా నిలిచింది 28 శాతం మందికే.

ఇంతవరకు లెక్క. ఇప్పుడు కంటి సాక్ష్యం. అదే పరీక్షలో ఏడాది తర్వాత, వెంట్రుకలు లెక్కపెట్టకుండా తలలు చూసి చెప్పమని డాక్టర్లను అడిగితే, ఉత్తుత్తి మాత్ర మింగినవాళ్లలో 37 శాతం మందికి జుట్టు పెరిగిందన్నారు. అనుభవమున్న వైద్యులు, ఎవరు ఏ మాత్ర వాడుతున్నారో తెలియకుండా, ఎదురుగా కూర్చోబెట్టి చూసి చెప్పిన మాట అది. అసలు మందు వాడినవాళ్లలో ఆ అంకె 65 శాతం. తేడా ఉంది, నిజమే. కానీ ఏ మందూ లేని పిండిమాత్రతో వందలో ముప్ఫై ఏడుగురికి జుట్టు పెరిగినట్టు డాక్టరు కంటికే కనిపించింది.

ఈ 37ను తలలో పెట్టుకుని నూనె ప్రకటనల వైపు చూడాలి. ‘మూడు నెలలు వాడాను, మా ఇంట్లోవాళ్లంతా ఒత్తుగా అయిందన్నారు’ అనే మాట అబద్ధం కానక్కర్లేదు. చెప్పేవాళ్లు నిజాయతీగానే చెబుతుంటారు. పట్టుదలగా నూనె పట్టించే రోజుల్లో మనిషి తల శుభ్రంగా ఉంచుకుంటాడు, నెమ్మదిగా దువ్వుకుంటాడు, పాపిట మారుస్తాడు, వెలుతురు బాగున్న చోట ఫొటో దిగుతాడు. జుట్టుకు నూనె మెరుపు వస్తుంది. వాడకముందు, వాడాక అని పక్కపక్కన వేసే రెండు ఫొటోల్లో దీపం, కోణం, తడి, దువ్వు ఈ నాలుగూ ఒకేలా ఉంచారేమో చూసుకుంటే సగం అద్భుతాలు అక్కడే ఆవిరైపోతాయి.

నూనెల గురించి చులకనగా మాట్లాడటం ఈ అధ్యాయం ఉద్దేశం కాదు. కొబ్బరి నూనెకు మంచి పరిశోధన ఆధారమే ఉంది. 2003లో ముంబయిలోని మారికో సంస్థ పరిశోధకులు కొబ్బరి నూనె, పొద్దుతిరుగుడు నూనె, మినరల్ ఆయిల్ మూడింటినీ వెంట్రుకల మీద పోల్చి చూశారు. తలంటుకున్నప్పుడు వెంట్రుకలోంచి కొట్టుకుపోయే ప్రోటీన్‌ను గణనీయంగా తగ్గించింది కొబ్బరి నూనె ఒక్కటే. అందులో ప్రధానంగా ఉండే లారిక్ ఆమ్లం చిన్న, తిన్నని అణువు కావడంతో వెంట్రుక లోపలికి చొరబడుతుంది. ఆ సంస్థ కొబ్బరి నూనె అమ్ముకునేదే అయినా ఫలితం నమ్మదగినదే, ఎందుకంటే అది చేసిన వాదన చిన్నది: ఉన్న వెంట్రుక పాడవకుండా కాపాడుతుంది. కొత్త వెంట్రుకను మొలిపిస్తుందని ఆ పరిశోధన చెప్పలేదు. చర్మం పైకి వచ్చిన వెంట్రుకలో జీవం ఉండదు, జీవమంతా చర్మం లోపలి కుదురులోనే. నూనె కాపాడేది పైన ఉన్నదాన్ని, బట్టతల తినేది లోపల ఉన్నదాన్ని.

మందారం, గుంటగలగర గురించి కూడా ఇంతే సూటిగా చెప్పుకోవాలి. ఈ రెంటి సారాలు ఎలుకల మీద జుట్టు పెంచాయని మన దేశంలోనే పరిశోధనలు వచ్చాయి. 2003లో ప్రచురించిన ఒక దానిలో మందార పువ్వు సారం కన్నా ఆకు సారం మెరుగ్గా పనిచేసింది. మన ఇళ్లలో తలకు మందారాకు రుద్దుకునే అమ్మలకు ఇది సంతోషం కలిగించే వార్తే. అయితే బోడిగా గొరిగిన ఎలుక వీపు వేరు, పురుష హార్మోను ధాటికి ఏళ్ల తరబడి కుంచించుకుపోతున్న మనిషి కుదురు వేరు. ఎలుక దగ్గరి నుంచి వెయ్యిమంది మనుషుల దాకా నడవాల్సిన దారిని ఈ ఆకుల విషయంలో ఎవరూ పూర్తిగా నడవలేదు. నడవకుండానే సీసా మీద ‘శాస్త్రీయంగా నిరూపితం’ అని అచ్చువేసి అమ్మేస్తున్నారు. అది కొనేవాళ్లకే కాదు, ఆ ఆకులకూ అన్యాయమే.

ఉల్లిరసం సంగతి ఇంకా ఆసక్తికరం. యూట్యూబులో ఉల్లిరసం వీడియోలన్నిటి వెనకా తిరుగుతున్నది బాగ్దాద్‌లో జరిగిన ఒక చిన్న పరిశోధన. 2002లో అచ్చయింది. 23 మందికి రోజుకు రెండుసార్లు పచ్చి ఉల్లిరసం, 15 మందికి మామూలు కుళాయి నీళ్లు. ఆరు వారాలకు మొదటి జట్టులో 20 మందికి జుట్టు మొలిచింది, రెండో జట్టులో ఎనిమిది వారాలకు ఇద్దరికే. అంకెలు చూస్తే గొప్పగా ఉంది. కానీ వాళ్లంతా పేనుకొరుకుడు ఉన్నవాళ్లు. తలలో రూపాయి బిళ్లంత మేర నున్నగా ఊడిపోయే ఆ జబ్బులో, శరీరాన్ని కాపాడాల్సిన రోగనిరోధక కణాలే కుదుళ్ల మీద దాడి చేస్తాయి. చాలామందికి అది దానంతటదే తగ్గుతుంది కూడా. నుదుటి నుంచి వెనక్కి జరిగే బట్టతలకూ దానికీ కారణంలోనే పోలిక లేదు. ఉల్లిగడ్డలు మిక్సీలో వేసి, కళ్లమ్మట నీళ్లు కారుస్తూ నెలల తరబడి నడినెత్తికి రుద్దుకునేవాళ్లకు ఈ ముక్క ఏ వీడియోలోనూ చెప్పరు.

రోజ్‌మేరీ నూనె మినాక్సిడిల్‌తో సమానమన్న మాటా ఇలాగే పుట్టింది. 2015లో ఇరాన్ పరిశోధకులు వందమందిని రెండు జట్లు చేసి సగం మందికి రోజ్‌మేరీ నూనె, సగం మందికి 2 శాతం మినాక్సిడిల్ ఇచ్చారు. మూడు నెలలకు ఎవరిలోనూ చెప్పుకోదగ్గ మార్పు లేదు. ఆరు నెలలకు రెండు జట్లలోనూ కొద్దిగా పెరుగుదల కనిపించింది, జట్ల మధ్య తేడా తేలలేదు. ఏమీ వాడని మూడో జట్టు ఉండి ఉంటే ఈ కొద్దిపాటి పెరుగుదల మందుదా, కాలానిదా అన్నది తెలిసేది. అది లేదు. పైగా పోల్చింది బలహీనమైన 2 శాతం మోతాదుతో. 393 మంది మగవాళ్ల మీద 48 వారాలు నడిచి 2002లో వెలువడిన పరీక్షలో, 2 శాతం ద్రావణం కన్నా 5 శాతం ద్రావణం 45 శాతం ఎక్కువ జుట్టు మొలిపించింది. ఈ 5 శాతంతో రోజ్‌మేరీని పోల్చకుండా ‘సమానం’ అనడం తొందరపాటు.

మూలికల్లో ఫినస్టరైడ్‌కు నేరుగా ఎదురు నిలిపి పరీక్షించింది సా పామెట్టో అనే అమెరికా తాటిజాతి మొక్క పండ్ల సారం. ఇటలీలో వందమంది మగవాళ్లు రెండేళ్లు వాడారు. ఫినస్టరైడ్ వాడినవాళ్లలో 68 శాతం మందికి, సా పామెట్టో వాడినవాళ్లలో 38 శాతం మందికి మెరుగైంది. 38 తీసిపారేయాల్సిన అంకె కాదనిపిస్తుంది. పిండిమాత్రకు వచ్చిన 37ను దాని పక్కనే ఉంచి చూస్తే ఆ ఉత్సాహం తగ్గుతుంది. వేర్వేరు పరీక్షల అంకెల్ని తిన్నగా పోల్చకూడదన్నది నిజమే. ఇటలీ పరీక్షలో ఉత్తుత్తి మాత్ర జట్టు లేదు కనుక వేరే దారి కూడా లేదు.

మన చట్టం ఈ విషయంలో నిద్రపోలేదు. ఔషధాల నియమావళిలో షెడ్యూల్ జె అని ఒక పట్టిక ఉంది. ఆ పట్టికలోని జబ్బుల్ని నయం చేస్తానని ఏ మందూ చెప్పుకోకూడదు. క్యాన్సరుతో పాటు బట్టతల, జుట్టు రంగు మార్చడం, కొత్త జుట్టు మొలిపించడం అందులో ఉన్నాయి. అమెరికాలోనైతే 1989లోనే ఎఫ్‌డీఏ ఒక నిబంధన తెచ్చి, తన అనుమతి లేని ‘జుట్టు మొలిపించే’ లేపనాలన్నిటినీ చీటీ లేని మార్కెట్‌నుంచి తప్పించింది.

అందుకే షాంపూ సీసాల భాష అంత జాగ్రత్తగా ఉంటుంది. ముందువైపు పెద్ద అక్షరాల్లో జుట్టు రాలడం వందలో తొంభైకి పైగా తగ్గుతుందని రాసి, పక్కన ఒక చుక్క గుర్తు పెడతారు. సీసా తిప్పి ఆ చుక్క ఎక్కడుందో వెతికితే అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ‘తెగడం వల్ల రాలే జుట్టు, కండిషనర్ లేని షాంపూతో పోలిస్తే’ అని ఉంటుంది. వెంట్రుక మధ్యలో తెగడం వేరు, కుదురుతో ఊడి రావడం వేరు. రాలిన వెంట్రుకను వేళ్ల మధ్య పట్టుకుని చూస్తే తెలిసిపోతుంది: ఒక కొసన తెల్లటి చిన్న ఉబ్బు ఉంటే అది కుదురు నుంచి వచ్చింది, రెండు కొసలూ మామూలుగా ఉంటే తెగింది. షాంపూ మాట ఇచ్చింది తెగే జుట్టుకే. కొన్నవాడు విన్నది మాత్రం ఊడే జుట్టుకు ఇచ్చిన మాటలా.

మాత్రల్లో రాజ్యమేలుతున్నది బయోటిన్. పెద్దవాళ్లకు రోజుకు 30 మైక్రోగ్రాములు చాలు, మామూలు తిండిలోనే దొరుకుతుంది. జుట్టు మాత్రల్లో 5,000, 10,000 మైక్రోగ్రాములు కూరుతున్నారు. అసలైన బయోటిన్ లోపం చాలా అరుదు. లోపం లేనివాళ్లకు ఇది జుట్టు పెంచుతుందని చూపిన గట్టి పరీక్ష లేదు. ఎక్కువైతే మూత్రంలో పోతుందిలే అని ఊరుకోవడానికి కూడా లేదు. రక్తంలో బయోటిన్ ఎక్కువగా ఉంటే కొన్ని ల్యాబ్ పరీక్షలు తప్పుడు ఫలితాలిస్తాయని 2017 నవంబరులో ఎఫ్‌డీఏ హెచ్చరించింది. గుండెపోటును పట్టిచ్చే ట్రోపోనిన్ తక్కువగా చూపించడం, అలా ఒకరు మరణించినట్టు నివేదిక అందడం ఆ హెచ్చరికలో ఉన్నాయి. థైరాయిడ్ పరీక్షలూ తారుమారవుతాయి. జుట్టు రాలడానికి థైరాయిడ్ జబ్బు ఒక ముఖ్య కారణం. ఆ జబ్బును బయటపెట్టాల్సిన పరీక్షను జుట్టు కోసం మింగిన మాత్రే పక్కదారి పట్టిస్తోందన్నమాట. రక్తమిచ్చే ముందు బయోటిన్ వాడుతున్నట్టు ల్యాబులో చెప్పాలి, డాక్టరును అడిగి కొన్ని రోజుల ముందే ఆపాలి.

జుట్టు మాత్రల్లో తరచూ కనిపించే సెలీనియం, విటమిన్ ఎ మోతాదు మించితే వాటివల్లే జుట్టు ఊడుతుంది. 2008లో అమెరికాలో ఒక బలవర్ధక ద్రవంలో పొరపాటున సీసా మీద రాసినదానికి 200 రెట్ల సెలీనియం పడింది. 10 రాష్ట్రాల్లో 201 మంది జబ్బుపడ్డారు, నూటికి 72 మందికి జుట్టు రాలింది.

వీటన్నిటికన్నా నూనెలకూ మాత్రలకూ ఎక్కువ పేరు తెచ్చిపెడుతున్నది జ్వరం. మాడు మీద దాదాపు లక్ష వెంట్రుకలుంటాయి. నూటికి 85 నుంచి 90 ఎదుగుతూ ఉంటాయి, మిగతావి విశ్రాంతి తీసుకుని ఊడిపోతాయి, కనుక రోజుకు యాభై నుంచి వంద రాలడం మామూలే. డెంగీ, టైఫాయిడ్, కొవిడ్, కాన్పు, పెద్ద ఆపరేషన్, ఒక్కసారిగా బరువు తగ్గడం ఇలాంటివి శరీరాన్ని కుదిపినప్పుడు ఎదుగుతున్న కుదుళ్లలో చాలా భాగం ఒకేసారి విశ్రాంతిలోకి జారుకుంటాయి. విశ్రాంతి సుమారు మూడు నెలలు. అందుకే జ్వరం వచ్చినప్పుడు కాదు, దాన్ని మరచిపోయిన రెండు మూడు నెలలకు దువ్వెన నిండా జుట్టు వస్తుంది. బాత్‌రూము జాలీకి ఉండలు కడుతుంది. మనిషి హడలిపోయి ఏదో ఒక నూనె కొంటాడు. కుదుళ్లు చావలేదు కనుక ఇంకో మూడు నుంచి ఆరు నెలల్లో జుట్టు తనంతట తానే తిరిగి వస్తుంది. పేరు మాత్రం నూనెకు దక్కుతుంది. గుండు చేయించుకుంటే ఒత్తుగా వస్తుందన్న నమ్మకం కూడా చాలావరకు ఇక్కడ పుట్టినదే. జ్వరం తర్వాత ఊడుతోందని మొక్కుకుని గుండు చేయించుకుంటారు, ఎలాగూ రావాల్సిన జుట్టు వస్తుంది. కత్తికి తెగిన కొస మొద్దుగా ఉండటంతో చేతికి మందంగా తగులుతుంది. కత్తి కుదురు దాకా వెళ్లదు.

ఆడవాళ్ల విషయంలో ఇంకొక కారణాన్ని ముందు వెతకాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. ఇనుము నిల్వలు అడుగంటిన ఒంట్లో జుట్టుకు వాటా తక్కువే. ఇలాంటి స్త్రీకి అవసరమైనది హీమోగ్లోబిన్, ఫెరిటిన్, థైరాయిడ్ పరీక్షలు, వాటిని బట్టి ఇనుము మాత్రలు. జుట్టు నూనె కన్నా వీటికయ్యే ఖర్చు నిజంగా ఆమెకు దక్కే ఖర్చు. పరీక్షలన్నీ సరిగ్గా ఉండి పాపిట మాత్రమే ఏటికేడు వెడల్పవుతుంటే అప్పుడు అది ఆడవారిలో వచ్చే వంశపారంపర్య పల్చదనం. దానికి మినాక్సిడిల్ పనిచేస్తుంది.

పనిచేసే మందుకూ షరతులున్నాయి, అవి తెలియకే చాలామంది మధ్యలో వదిలేస్తారు. మినాక్సిడిల్ తనంతట తాను పనిచేయదు. కుదురులో ఉండే సల్ఫోట్రాన్స్‌ఫరేజ్ అనే ఎంజైము దాన్ని చురుకైన రూపంలోకి మార్చాలి. ఆ ఎంజైము తక్కువున్నవాళ్లకు ఎంత పూసినా ఫలితం అంతంతమాత్రమే. పనిచేసేవాళ్లకు మొదటి రెండు నెలల్లో జుట్టు మరింత రాలవచ్చు. విశ్రాంతిలో ఉన్న పాత వెంట్రుకల్ని నెట్టి కొత్తవి బయలుదేరడమే దానికి కారణం. మందు వికటించిందని చాలామంది సీసా పారేసేది సరిగ్గా అప్పుడే. ఫలితం తేలాలంటే నాలుగు నుంచి ఆరు నెలలు ఆగాలి. పూసే పద్ధతి కూడా ముఖ్యం. మాడు పొడిగా ఉండాలి, పాయలు విడదీసి డ్రాపరుతో ఒక మిల్లీలీటరు చర్మం మీద పడేలా వేయాలి, జుట్టును తడిపితే లాభం లేదు. తర్వాత చేతులు కడుక్కోవాలి. దిండుకు అంటిన మందు ముఖానికి తగిలితే అక్కడా నూగు వస్తుంది. ఇంట్లో పసిపిల్లలుంటే ఆరేదాకా తలకు తగలనివ్వకూడదు. పిల్లులకైతే ఇది ప్రాణాంతకం. ఆపేస్తే నెలల్లో, మందు నిలబెట్టిన జుట్టంతా పోతుంది.

రోజూ పూసుకునే బాధ లేకుండా చిన్న మోతాదు మినాక్సిడిల్ మాత్ర ఇప్పుడు వాడుకలోకి వచ్చింది. 2024లో బ్రెజిల్‌లో 90 మంది మగవాళ్లకు 24 వారాలు ఇచ్చి చూస్తే, 5 మిల్లీగ్రాముల మాత్ర 5 శాతం ద్రావణం కన్నా మెరుగని తేలలేదు. అది పుట్టుకతో బీపీ మాత్ర అని గుర్తుంచుకుని, డాక్టరు గుండె, రక్తపోటు చూశాకే వాడాలి.

ఫినస్టరైడ్ విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. తొలి పరీక్షల్లో లైంగిక ఇబ్బందులు మందు వాడినవాళ్లలో 3.8 శాతం, ఉత్తుత్తి మాత్ర వాడినవాళ్లలో 2.1 శాతం మందికి కనిపించాయి. తేడా చిన్నదే. ఆపాక కూడా తగ్గలేదని చెప్పినవాళ్లూ ఉన్నారు, వాళ్ల మాటను తేలిగ్గా తీసుకోకూడదు. ఆత్మహత్య ఆలోచనలు ఈ మాత్ర దుష్ఫలితాల్లో ఒకటని 2025లో యూరప్ ఔషధ సంస్థ నిర్ధారించింది. దిగులు జబ్బు ఉన్నవాళ్లు, ఇంతకుముందు వచ్చి తగ్గినవాళ్లు ఆ సంగతి డాక్టరుకు చెప్పకుండా ఈ మాత్ర మొదలుపెట్టకూడదు. ఫోన్‌లో నాలుగు ప్రశ్నలకు టిక్కు పెట్టించుకుని ఇంటికి పంపే డబ్బాల విషయంలో ఇదే పెద్ద భయం. గర్భిణులు, గర్భం దాల్చే అవకాశమున్న స్త్రీలు పగిలిన మాత్రను ముట్టుకోకూడదు కూడా. సలీనాస్ పిల్లల్లో లోపించిన ఎంజైమే మగశిశువు అవయవాలు ఏర్పడటానికి కావాలి, ఈ మాత్ర దాన్నే అడ్డుకుంటుంది. వాడుతున్నవాళ్లు రక్తదానం చేయాలంటే చివరి మాత్ర తర్వాత కనీసం నెల ఆగాలి.

యాభై దాటినవాళ్లు చెప్పడం మరచిపోయేది ఇంకొకటుంది. ప్రోస్టేట్ క్యాన్సరు అనుమానాన్ని పట్టిచ్చే పీఎస్‌ఏ పరీక్షలో ఫినస్టరైడ్ ఆ అంకెను దాదాపు సగానికి తగ్గిస్తుంది. ఈ మాత్ర ఆరు నెలలకు పైగా వాడుతున్న మనిషికి రిపోర్టులో 2.5 వస్తే, డాక్టరు దాన్ని 5గా చదువుకోవాలి. చదువుకోవాలంటే ఎదుటి మనిషి ‘జుట్టుకు మాత్ర వేసుకుంటున్నానండీ’ అని ముందే చెప్పాలి.